చేనేత చీరల దుకాణానికి తక్కువ ఖర్చుతో వెబ్‌సైటు: ఎక్కడ మొదలుపెట్టాలి?

మంగళగిరి_మగ్గం
మాది మంగళగిరిలో చిన్న చేనేత చీరల దుకాణం. మా సొంత మగ్గాలతో పాటు చుట్టుపక్కల నేతగాళ్ల దగ్గర కూడా సరుకు తీసుకుని నాన్నగారు అమ్ముతారు. కరోనా తరువాత వాట్సాప్‌లో ఫొటోలు తెప్పించుకుని కొనేవారు బాగా పెరిగారు. వారిలో హైదరాబాదు, బెంగళూరు వాళ్లే ఎక్కువ, అమెరికాలో ఉన్న మనవాళ్లు కూడా కొందరున్నారు. కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరూ ముందుగా అడిగేది మాకు వెబ్‌సైటు ఉందా అనే.

ఒక సంస్థను సంప్రదిస్తే తయారీకి 45,000 రూపాయలు, ఆపైన ఏటా నిర్వహణకు 12,000 రూపాయలు అవుతుందన్నారు. డొమైను (వెబ్‌సైటు చిరునామా పేరు), హోస్టింగు (పేజీలను ఇంటర్నెట్‌లో ఉంచే చోటు), పాస్‌వర్డులు అన్నీ వాళ్లే చూసుకుంటారట, మేము ఏమీ పట్టించుకోనక్కర్లేదట. ఒక్కో చీర మీద మిగిలేది ఎంతో తెలిసిన నాన్నగారికి ఈ లెక్క మింగుడు పడలేదు. నేను బీకాం చదివాను. కంప్యూటరు బాగానే వాడతాను గానీ కోడింగు రాదు. మొదటి ఏడాది మొత్తం ఖర్చు 10,000 రూపాయలు దాటకుండా పరువైన వెబ్‌సైటు పెట్టుకోవడం సాధ్యమేనా?

హనుమకొండ_కోడర్
సాధ్యమే. అయితే ధర గురించి ఆలోచించే ముందు, "పాస్‌వర్డులు మేమే చూసుకుంటాం" అన్న ఆ సంస్థ మాట దగ్గర ఆగండి. డొమైను పేరు అంటే మీ స్థలం పట్టా లాంటిది, అది ఎవరి పేరున నమోదై ఉంటే వారే హక్కుదారు. వెబ్‌సైటు ఎవరి చేత కట్టించుకున్నా ఫరవాలేదు, బాగా లేకపోతే పడగొట్టి మళ్లీ కట్టుకోవచ్చు. పేరు మాత్రం మీరే, మీ ఈమెయిలుతో, మీ ఫోను నంబరుతో, మీ కార్డు లేదా యూపీఐతో స్వయంగా కొనుక్కోండి. దానికి పావుగంట చాలు. డాట్ ఇన్ పేర్ల రిజిస్ట్రీని, అంటే ఆ పేర్ల అసలు చిట్టాను, నడిపేది నిక్సి అనే సంస్థ, కానీ మనకు అమ్మేది దాని గుర్తింపు పొందిన రిజిస్ట్రార్లు. డాట్ ఇన్ గానీ డాట్ కామ్ గానీ ఏడాదికి వెయ్యి రూపాయలకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది, దానిపై 18 శాతం జీఎస్టీ అదనం.

కొనేటప్పుడు మొదటి ఏడాది ధరను కాకుండా రెన్యువల్ ధరను చూడండి. తొలి ఏడాది 199 అని పెద్ద అక్షరాలతో వేసి, రెండో ఏడాది నుంచి దానికి ఎన్నో రెట్లు తీసుకునే చోట్లు చాలా ఉన్నాయి.

చీరాల_చిన్నోడు
కోడర్ గారు చెప్పిన మొదటి మాటను దయచేసి తేలికగా తీసుకోకండి. మా మేనమామ ఫర్నిచర్ దుకాణానికి వెబ్‌సైటు చేసిన సంస్థ డొమైనును తన ఖాతాలోనే కొన్నది. కొన్నాళ్లకు ఆ సంస్థ మూతపడింది, ఫోన్లు ఎత్తేవారు లేరు, గడువు తీరిపోయింది. ఆ పేరును మరెవరో కొనేసి ఇప్పుడు దాని మీద జూదం ప్రకటనలు నడుపుతున్నారు. బిల్లు పుస్తకాల మీద, సంచుల మీద, క్యాలెండర్ల మీద అచ్చయింది అదే పేరు. మా మామయ్య ఆ సంచులన్నీ పక్కన పడేయవలసి వచ్చింది.

హనుమకొండ_కోడర్
చీరాల_చిన్నోడు గారు చెప్పినదానికి ఒక వివరం చేరుస్తాను. డాట్ కామ్ పేరు గడువు తీరిన వెంటనే చేజారిపోదు. ముందు రిజిస్ట్రార్ ఇచ్చే కొంత వెసులుబాటు ఉంటుంది, ఆ తరువాత 30 రోజుల విమోచన కాలం ఉంటుంది, అప్పుడు ఎక్కువ రుసుము కట్టి వెనక్కు తెచ్చుకోవచ్చు. అది కూడా దాటితే 5 రోజుల్లో పేరు ఎవరికైనా దొరుకుతుంది. కానీ ఇవన్నీ ఖాతా మీ చేతిలో ఉన్నప్పుడే ఉపయోగపడతాయి. ఇప్పటికే వేరొకరి ఖాతాలో పేరు ఉన్నవారు, వారితో సంబంధాలు బాగున్నప్పుడే బదిలీ కోడు అడిగి తీసుకుని తమ ఖాతాకు మార్చుకోవాలి.

వేగుచుక్క_77
ఇంతకీ వెబ్‌సైటు అవసరమేనా అని నా సందేహం. వాట్సాప్ బిజినెస్ 2018 నుంచి ఉచితంగానే ఉంది, అందులో కేటలాగు పెట్టుకోవచ్చు. ఇన్‌స్టాగ్రామ్‌లో చీరల వీడియోలకు వచ్చే స్పందన ఏ వెబ్‌సైటుకూ రాదు. మా వీధిలో ఒక ఆవిడ రోజూ సాయంత్రం లైవ్ పెట్టి చీరలు అమ్ముతారు, ఆమెకు వెబ్‌సైటు లేదు, ఉండాలని కూడా ఎవరూ అడగలేదు. పదివేలు ఉంటే మంచి ఫోను స్టాండు, దీపాలు కొనుక్కుని వీడియోల మీద పెట్టడం మేలు.

గోదారి_గట్టు
వేగుచుక్క గారితో సగమే ఏకీభవిస్తాను. మాది ఆత్రేయపురం, పూతరేకుల వ్యాపారం. అమ్మకాలు సామాజిక మాధ్యమాల నుంచే ఎక్కువగా వస్తాయి, అది నిజం. కానీ సంక్రాంతి ముందు, అంటే ఏడాదిలో మాకు అన్నిటికంటే గిరాకీ ఉండే రోజుల్లో, అలాంటి ఒక మాధ్యమంలోని మా పేజీ ఏ కారణమూ చెప్పకుండా ఆగిపోయింది. ఎవరికి మొర పెట్టుకోవాలో తెలియలేదు, మొర పెట్టుకున్నా మనిషి పలకలేదు. అప్పుడు పాత ఖాతాదారులు మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది మా చిన్న వెబ్‌సైటుకే. డబ్బాల మీద దాని పేరు అచ్చు వేసి ఉండటం వల్ల ఆ పండుగ గట్టెక్కింది.

ఉచితంగా ఇచ్చేది ఎప్పుడైనా ఆగిపోవచ్చు. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌తో పాటు వచ్చిన ఉచిత వెబ్‌సైట్ల సంగతే చూడండి, 2024 మార్చిలో వాటన్నిటినీ మూసేశారు. సొంత పేరు కొనుక్కుని దానిని అటువైపు మళ్లించుకున్నవారు ఆ పేరును మరో చోటికి తిప్పుకున్నారు. ఆ ఉచిత చిరునామానే కార్డుల మీద అచ్చు వేయించుకున్నవారికి మాత్రం ఏమీ మిగలలేదు.

వేగుచుక్క_77
గట్టు గారి వాదన ఒప్పుకుంటున్నాను. పేరు సొంతంగా ఉండాలి. కానీ అమ్మకం వాట్సాప్‌లోనే జరగాలన్న నా మాట మీద నేను నిలబడే ఉన్నాను.

డల్లాస్_కోడలు
కొనేవారి వైపు నుంచి నాలుగు మాటలు చెబుతాను. నేను ఏటా మంగళగిరి, ఉప్పాడ, పోచంపల్లి చీరలు తెప్పించుకుంటాను. తెలియని దుకాణం పేరు ఎవరైనా చెబితే మొదట వెబ్‌సైటు ఉందేమో చూస్తాను. అందులో నేను వెతికేది అందమైన కదిలే బొమ్మలను కాదు. పూర్తి చిరునామా ఉందా, ఆ చిరునామా మ్యాపులో నిజంగా కనిపిస్తుందా, జీఎస్టీ నంబరు వేశారా, దుకాణం లోపలి ఫొటో, మగ్గం ఫొటో సొంతవేనా లేక ఎక్కడి నుంచో తెచ్చి పెట్టినవా, చీర బాగా లేకపోతే తిరిగి తీసుకుంటారా అన్న విషయాలు చూస్తాను. ఇవి ఒక్క పేజీలో ఉన్నా నాకు చాలు. డబ్బు పంపే ముందు ఎదుటివారు నిజంగా ఉన్నారన్న నమ్మకం కలగాలి, అంతే.

విదేశాలకు పంపేవారు మరొకటి స్పష్టంగా రాయాలి. 800 డాలర్ల లోపు పార్శిళ్లకు ఇక్కడ అమెరికాలో ఉండిన సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29తో పోయింది. కస్టమ్స్ సుంకం ఎవరు భరించాలో వెబ్‌సైటులో ముందే రాసి ఉంటే, పార్శిలు ఇంటి గుమ్మం దాకా వచ్చాక గొడవ పడవలసిన అవసరం ఉండదు.

మంగళగిరి_మగ్గం
అందరికీ కృతజ్ఞతలు. డొమైను నా పేరుననే కొంటాను, ఆ విషయంలో ఇక సందేహం లేదు. డల్లాస్_కోడలు గారు రాసినదంతా నాన్నగారికి చదివి వినిపించాను, మగ్గం ఫొటో తప్పకుండా పెట్టమన్నారు.

ఇక మా అసలు చిక్కు వేరే ఉంది. మా సరుకులో చాలా చీరలు ఒక్కొక్కటే ఉంటాయి. ఉదయం పెట్టిన చీర మధ్యాహ్నం దుకాణంలో అమ్ముడుపోతుంది. ప్రతి చీరనూ వెబ్‌సైటులోకి ఎక్కించి, అమ్మగానే తీసేస్తూ కూర్చోవడానికి మా దగ్గర మనిషి లేరు. ఆ సంస్థ వాళ్లు మాత్రం కార్టు (వెబ్‌సైటులోనే సరుకు ఎంచుకుని కొనే బుట్ట), ఆన్‌లైన్ చెల్లింపులు లేకపోతే అది వెబ్‌సైటే కాదన్నారు.

సర్వర్_గది
పదేళ్లకు పైగా చిన్న వ్యాపారుల వెబ్‌సైట్లు చూసుకుంటున్నాను. మీ చిక్కులోనే మీ జవాబు ఉంది. ఒక్కటే ఉన్న వస్తువును కార్టులో పెడితే, అది దుకాణంలో అమ్ముడుపోయిన గంటకు వెబ్‌సైటులో ఎవరో డబ్బు కడతారు. అప్పుడు డబ్బు వెనక్కు ఇవ్వాలి, క్షమాపణ చెప్పాలి, వచ్చిన కొత్త ఖాతాదారును పోగొట్టుకోవాలి. కాబట్టి మీకు కార్టు వద్దు.

ఒక్కో చీరకు కాకుండా ఒక్కో రకానికి ఒక పేజీ పెట్టండి. నిజాం బార్డరు నూలు చీరలు ఒక పేజీ, పట్టు చీరలు ఒక పేజీ, డ్రెస్ మెటీరియల్ ఒక పేజీ, దుపట్టాలు ఒక పేజీ. ప్రతి పేజీలో ఆ రకం గురించి రెండు పేరాలు, నాలుగైదు మంచి ఫొటోలు, ధర ఎంత నుంచి ఎంత వరకు ఉంటుందో, కింద "ఈ రోజు ఉన్న రంగులు చూపండి" అనే వాట్సాప్ బొత్తాం. ఆ బొత్తానికి ఇచ్చే లింకులో 91 తరువాత మీ పది అంకెల నంబరు ఉండాలి, ముందు ప్లస్ గుర్తు గానీ సున్నాలు గానీ ఉండకూడదు. "నిజాం బార్డరు నూలు చీరల గురించి అడుగుతున్నాను" అన్న వాక్యం ముందే నిండి ఉండేలా ఆ లింకులోనే రాయవచ్చు. వచ్చినవారు ఏ పేజీ నుంచి వచ్చారో మీకు మొదటి సందేశంలోనే తెలిసిపోతుంది. ఇలాంటి వెబ్‌సైటును ఏడాదికి రెండు మూడు సార్లు మార్చితే సరిపోతుంది.

దీనికి డేటాబేసు అక్కర్లేదు, వెబ్‌సైట్లు తయారుచేసి నడిపే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేరు కూడా అక్కర్లేదు. మామూలు హెచ్‌టీఎంఎల్ పేజీలు, అంటే ఒకసారి రాసి పెట్టేసే వెబ్ పేజీల ఫైళ్లు, చాలు. క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్ వంటి చోట ఇలాంటి స్థిరమైన పేజీలను ఉచితంగా పెట్టుకోవచ్చు, చిరునామా పక్కన భద్రత తాళం గుర్తు చూపే ఎస్ఎస్ఎల్ కూడా అక్కడే ఉచితంగా వస్తుంది. కోడింగు అసలే వద్దనుకుంటే గూగుల్ సైట్స్‌లో చేసుకుని సొంత డొమైను తగిలించుకోండి, అందం కాస్త తక్కువైనా పని నడుస్తుంది.

ఒంగోలు_వెబ్బు
సర్వర్_గది గారు వర్డ్‌ప్రెస్‌ను అంత సులువుగా పక్కన పెట్టడం నాకు సబబుగా అనిపించలేదు. ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా దాని మీదే నడుస్తున్నాయి. ఈ సోదరుడికి కోడింగు రాదు. రేపు ఒక ఫొటో మార్చాలంటే హెచ్‌టీఎంఎల్ ఫైలు తెరిచి ఎక్కడ మార్చాలో వెతుక్కోవాలా? వర్డ్‌ప్రెస్ అయితే ఫోనులోంచే మార్చవచ్చు. వ్యాపారం పెరిగి కార్టు కావాలనుకుంటే దానికే అమ్మకాల కోసం ఉన్న వూకామర్స్ తగిలించుకోవచ్చు. షేర్డ్ హోస్టింగు (ఒకే సర్వరును చాలామంది పంచుకునేది) ఏడాదికి మూడు నాలుగు వేలకు దొరుకుతుంది, అంటే ఆయన అనుకున్న పదివేల లోపే అవుతుంది.

సర్వర్_గది
ఒంగోలు_వెబ్బు గారు చెప్పిన సౌలభ్యం నిజమే, దానిని కాదనను. నా భయం వేరు. వర్డ్‌ప్రెస్‌ను పెట్టడం సులువు, పోషించడం కష్టం. ప్లగిన్లను (దానికి తగిలించే అదనపు సాఫ్ట్‌వేరు ముక్కలను) అప్‌డేట్ చేయకుండా ఆరు నెలలు వదిలేస్తే చాలు, ఎవరో లోపలికి దూరతారు. మొన్న నా దగ్గరకు వచ్చిన ఒక హోటలు వెబ్‌సైటు పేరును గూగుల్‌లో వెతికితే ఫలితాల నిండా జపాను భాషలో నకిలీ బ్రాండు వస్తువుల పేజీలు కనిపించాయి. యజమాని నేరుగా తెరిచినప్పుడు మాత్రం మామూలుగానే కనిపించేది, అందుకే ఎన్ని నెలలు అలా ఉందో ఆయనకు తెలియదు. ఆ హోటలు వాళ్లు వాడిన ప్లగిన్లలో సగం ఎవరో ఉచితంగా ఇచ్చిన దొంగ కాపీలు. కనీసం నెలకొకసారి కూర్చుని అప్‌డేట్లు, బ్యాకప్పులు చూసుకునే మనిషి ఉంటేనే వర్డ్‌ప్రెస్ పెట్టుకోవాలి. మంగళగిరి_మగ్గం గారు తమ దగ్గర మనిషి లేరని పైన రాశారు కదా.

ఒంగోలు_వెబ్బు
దొంగ కాపీలు వాడితే తప్పు వర్డ్‌ప్రెస్‌ది కాదు. అయినా నాలుగు పేజీల కేటలాగుకు మీ పద్ధతి చాలని ఒప్పుకుంటాను. హోస్టింగు ధరల విషయంలో మాత్రం మీరు చెప్పని ఒక సంగతి నేనే చెప్పాలి: నెలకు 69 రూపాయలు అని కనిపించే ధర సాధారణంగా మూడు నాలుగేళ్ల డబ్బు ఒకేసారి కడితేనే వర్తిస్తుంది, పైగా గడువు తీరాక అది రెండు మూడు రెట్లు అవుతుంది. నా ఖాతాదారులకు నేను ముందు రెన్యువల్ ధరే చూపిస్తాను.

కాలేజీ_క్యాంటీన్
కోడు దాచుకునే గిట్‌హబ్ వాళ్లు ఇచ్చే హోస్టింగు, గిట్‌హబ్ పేజెస్, కూడా పూర్తిగా ఉచితమే కదా, అందులో ఎందుకు పెట్టకూడదు? మేమంతా మా ప్రాజెక్టులు అందులోనే పెడతాం.

హనుమకొండ_కోడర్
ప్రాజెక్టులకు అది చక్కనిది. కానీ ఆన్‌లైన్ వ్యాపారం నడపడానికి గిట్‌హబ్ పేజెస్‌ను ఉచిత హోస్టింగులా వాడకూడదని వారి నిబంధనల్లోనే ఉంది. నడుస్తున్నంత కాలం ఎవరూ అడగకపోవచ్చు, కానీ దుకాణం పేరు దాని మీద ఆధారపడి ఉన్నప్పుడు నిబంధనలు అనుమతించే చోటే పెట్టుకోవడం మంచిది. అలాగే డొమైను కూడా ఉచితంగా వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. డాట్ టీకే వంటి ఉచిత పేర్లు పంచిన ఫ్రీనామ్ 2023లో కొత్త రిజిస్ట్రేషన్లు ఆపేసింది, ఆ తరువాత ఆ వ్యాపారం నుంచే తప్పుకుంది.

అక్షరశిల్పి
ఇంతమంది ఇన్ని చెప్పారు గానీ, వెబ్‌సైటులో రాసే తెలుగు గురించి ఎవరూ ఎత్తలేదు. నేను విజయవాడలో డీటీపీ పని చేస్తాను. దుకాణాల వాళ్లు చాలామంది పాత కరపత్రంలోని విషయాన్నే వెబ్‌సైటుకు ఇచ్చేస్తారు. ఆ కరపత్రం పేజ్‌మేకర్ అనే పాత అచ్చు సాఫ్ట్‌వేరులో అను అనే తెలుగు ఫాంట్లతో చేసినదై ఉంటుంది. అచ్చులో అది తెలుగే, కానీ కంప్యూటరు దృష్టిలో అవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. దానిని నేరుగా వెబ్ పేజీలో అతికిస్తే అర్థం లేని అక్షరాలు వస్తాయి. అది చూసి తయారుచేసేవారు మొత్తం విషయాన్ని బొమ్మగా మార్చి పెట్టేస్తారు. చూడడానికి బాగుంటుంది, కానీ "మంగళగిరి నూలు చీరలు" అని ఎవరైనా వెతికితే ఆ బొమ్మలోని మాటలు గూగుల్‌కు సరిగ్గా అందవు, ఫోనులో వేళ్లతో పెద్దది చేస్తే మసకబారుతుంది, చూపు లేనివారికి ఫోను చదివి వినిపించదు.

కాబట్టి యూనికోడ్‌లో (తెలుగు అక్షరాలను కంప్యూటరు తెలుగుగానే గుర్తించే పద్ధతిలో) మళ్లీ టైపు చేయించండి, లేదా మార్పిడి సాధనంతో మార్చి ఒత్తులు, సున్నాలు ఒక్కొక్కటీ సరిచూసుకోండి. విడిగా ఫాంటు కొనవలసిన పని లేదు. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు వంటివి ఉచితంగానే ఉన్నాయి. శీర్షికలకు రామభద్ర, లోపలి విషయానికి ఫోనులో ఎలాగూ ఉన్న తెలుగు ఫాంటునే వాడితే పేజీ త్వరగా తెరుచుకుంటుంది. వాక్యాల మధ్య వరుసల ఎడం మాత్రం ఇంగ్లీషుకు ఇచ్చినదానికంటే ఎక్కువ ఇవ్వాలి, లేకపోతే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి.

మంగళగిరి_మగ్గం
అక్షరశిల్పి గారూ, మా కరపత్రం సరిగ్గా మీరు చెప్పిన పద్ధతిలో చేసినదే. మొత్తం నేనే మళ్లీ టైపు చేస్తాను. తెలుగులోనే పెట్టాలా, ఇంగ్లీషులో కూడా ఉండాలా?

అక్షరశిల్పి
రెండూ ఉండాలి, కానీ వేర్వేరు పేజీలుగా ఉండాలి. బెంగళూరులో కొనేవారిలో తెలుగు చదవలేని వారూ ఉంటారు. యంత్రం చేసిన అనువాదం పెట్టకండి. నిజాం బార్డరు గురించి, గుంత మగ్గం గురించి మీ నాన్నగారు దుకాణంలో ఎలా చెబుతారో అలాగే రాయండి. ఆ మాటలు మరే వెబ్‌సైటులోనూ దొరకవు.

ఉప్పాడ_అల
ఫొటోల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే చీరల వ్యాపారంలో వాపసులు ఎక్కువగా రంగు తేడా వల్లే వస్తాయి. ట్యూబులైటు కింద తీస్తే ఆకుపచ్చ నీలంగా, జరీ తెల్లగా కనిపిస్తాయి. పగటి వెలుగులో, ఎండ నేరుగా పడని వరండాలో తీయండి, ఫోనులోని రంగుల ఫిల్టర్లు అన్నీ తీసేయండి. ప్రతి రకానికీ చీర మొత్తం ఒకటి, అంచు దగ్గరగా ఒకటి, కొంగు ఒకటి, జాకెట్టు ముక్క ఒకటి, వెనకవైపు నేత కనిపించేలా ఒకటి తీయాలి. వెనకవైపు ఫొటోను మరమగ్గం చీరలు అమ్మేవారు పెట్టరు, చేనేత గురించి తెలిసినవారు దానినే వెతుకుతారు.

ఫోనులో తీసిన ఫొటో ఒక్కొక్కటి మూడు నాలుగు ఎంబీలు ఉంటుంది. వాటిని అలాగే పెడితే ఊళ్లో నెట్‌వర్క్ మీద పేజీ తెరుచుకునే లోపే చూసేవారు వెళ్లిపోతారు. వెడల్పు 1200 పిక్సెళ్లకు తగ్గించి, ఫొటో బరువు తగ్గించే వెబ్‌పీ ఫార్మాటులోకి మార్చండి, చాలావరకు 200 కేబీ లోపుకు వస్తాయి, చూపులో తేడా తెలియదు.

డల్లాస్_కోడలు
ఉప్పాడ_అల గారు చెప్పిన వెనకవైపు ఫొటో గురించి నేనూ గట్టిగా చెబుతాను. దుకాణంవారు అడగకుండానే అది పంపితే, మిగతా ప్రశ్నలు నేను వేయను.

ఖాతా_పుస్తకం
చట్టం వైపు చూడవలసినవి కొన్ని ఉన్నాయి, ఇవి వెబ్‌సైటు ఖర్చులో కలవవు గానీ తరువాత భారమవుతాయి. సరుకుల వ్యాపారానికి జీఎస్టీ రిజిస్ట్రేషను పరిమితి మన రాష్ట్రంలో 40 లక్షల టర్నోవరు అని చాలామంది నిశ్చింతగా ఉంటారు. అది రాష్ట్రం లోపల అమ్మేవారికి మాత్రమే. ఆంధ్రప్రదేశ్ నుంచి హైదరాబాదుకు, బెంగళూరుకు పంపడం అంతర్రాష్ట్ర అమ్మకం, దానికి టర్నోవరుతో పని లేకుండా రిజిస్ట్రేషను ఉండాలన్నది సాధారణ నియమం. చేనేత వంటి హస్తకళా వస్తువులకు కొన్ని షరతులతో మినహాయింపు ఉంది, మీ సరుకు దానిలోకి వస్తుందో లేదో మీ ఆడిటరు చేత తేల్చుకోండి. విదేశాలకు వ్యాపారంగా పంపాలంటే ఐఈసీ కోడు (ఎగుమతి, దిగుమతిదారుల నంబరు) కావాలి, కేంద్ర విదేశీ వాణిజ్య విభాగమైన డీజీఎఫ్‌టీ వెబ్‌సైటులో 500 రూపాయల రుసుముతో మీరే తీసుకోవచ్చు.

2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాలను కూడా ఒకసారి చదవండి. వ్యాపారం చట్టబద్ధమైన పేరు, చిరునామా, సంప్రదించే మార్గాలు, వాపసు పద్ధతి, ఫిర్యాదులు చూసే వ్యక్తి పేరు కనిపించేలా ఉండాలి. ఫిర్యాదు అందినట్లు 48 గంటల్లో తెలపాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. డల్లాస్_కోడలు గారు నమ్మకం కోసం అడిగినవీ, చట్టం అడిగేవీ దాదాపు ఒకటే.

ఇంకొక జాగ్రత్త ఉంది. మంగళగిరి చీరలకు భౌగోళిక గుర్తింపు (ఆ ఊరి ప్రత్యేక సరుకన్న అధికారిక ముద్ర, జీఐ) ఉంది కదా అని ఆ చిహ్నాన్ని వెబ్‌సైటులో వేసేయకండి. 1999 నాటి భౌగోళిక గుర్తింపుల చట్టం ప్రకారం అధీకృత వినియోగదారుగా నమోదైనవారికే దానిని వాడే హక్కు ఉంటుంది. చేనేత మార్కుకు (హ్యాండ్లూమ్ మార్కు) కూడా విడిగా నమోదు కావాలి.

గోదారి_గట్టు
ఖాతా_పుస్తకం గారి మాటకు తోడుగా, తినే వస్తువులు అమ్మేవారు ఎవరైనా ఈ చర్చ చదువుతుంటే, ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వారి 14 అంకెల లైసెన్సు నంబరును కూడా కనిపించేలా వేయాలి. మా పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు ఊళ్లో ప్రతి బోర్డు మీదా దాని గురించి రాశారు, నమోదు సంగతి మాత్రం తరువాత మెల్లగా తెలిసింది.

చీరాల_చిన్నోడు
డబ్బు ఎలా తీసుకోవాలో ఇంకా తేలలేదు. పేమెంట్ గేట్‌వే (వెబ్‌సైటులోనే కార్డు వంటి చెల్లింపులు తీసుకునే సేవ) లేకుండా ఎలా?

వేగుచుక్క_77
యూపీఐ ఉండగా గేట్‌వే ఎందుకు? 2020 జనవరి నుంచి యూపీఐ మీద వ్యాపారి నుంచి ఎండీఆర్ (ప్రతి చెల్లింపు మీద పట్టుకునే రుసుము) వసూలు లేదు. గేట్‌వే అయితే సుమారు రెండు శాతం, ఆ రుసుముపై మళ్లీ 18 శాతం జీఎస్టీ తీసుకుంటుంది. వాట్సాప్‌లో చీర ఖాయమయ్యాక క్యూఆర్ పంపితే సరిపోతుంది. క్యూఆర్ వ్యక్తిగత ఖాతాది కాకుండా దుకాణం పేరు కనిపించే వ్యాపార ఖాతాది ఉండాలి, కొత్తవారికి ధైర్యంగా ఉంటుంది.

సర్వర్_గది
ఈ విషయంలో వేగుచుక్క గారి మాటే నాదీ. అయితే క్యూఆర్‌ను వెబ్‌సైటులో పెట్టకండి, ఖాయమైన తరువాత మీ వాట్సాప్ నుంచే పంపండి. పేజీలో క్యూఆర్ ఉంటే, చీర ఉందో లేదో అడగకుండానే డబ్బు కట్టేవారు ఉంటారు. అంతకంటే ప్రమాదం, ఎవరైనా మీ పేజీని కాపీ కొట్టి తమ క్యూఆర్ పెడితే కొనేవారు తేడా గుర్తుపట్టలేరు. "మా దుకాణం డబ్బును ఈ పేరున్న ఖాతాకే తీసుకుంటుంది" అని వెబ్‌సైటులో ఒక వాక్యం రాయండి. విదేశీ కార్డుల అవసరం బాగా పెరిగినప్పుడు గేట్‌వే గురించి ఆలోచించవచ్చు.

మంగళగిరి_మగ్గం
ఇంతవరకు తేలినది ఇది. డాట్ ఇన్ పేరును నిన్న రాత్రి నా ఖాతాలోనే కొన్నాను, ఆటో రెన్యువల్ పెట్టాను, రెండంచెల భద్రత కూడా పెట్టాను. కాలేజీ_క్యాంటీన్ గారు సందేశం పంపారు, స్నేహితులతో కలిసి ఐదు పేజీలు చేసి ఇస్తామన్నారు. ఉచితంగా చేస్తామన్నారు గానీ నాన్నగారు ఒప్పుకోలేదు, 6,000 రూపాయలు ఇస్తున్నాము. క్లౌడ్‌ఫ్లేర్ ఖాతా నాది, ఫైళ్ల కాపీ నా దగ్గర ఉంటుంది. ఫొటోలు ఆదివారం మా వరండాలో తీస్తాము.

చివరిగా ఒక ప్రశ్న ఉంది. తెలుగు లిపిలోనే డాట్ భారత్ పేరు కూడా దొరుకుతుందని విన్నాను. అది కూడా కొనాలా?

అక్షరశిల్పి
దొరుకుతుంది. తెలుగు లిపిలో డాట్ భారత్ కూడా నిక్సి ద్వారానే నడుస్తుంది. మీ దుకాణం పేరు తెలుగులో వెబ్ చిరునామాగా కనిపించడం నాకైతే ఎంతో ఇష్టం. కొని, డాట్ ఇన్ పేరుకు మళ్లించుకోండి.

హనుమకొండ_కోడర్
ఇష్టం నాకూ ఉంది, కానీ మొదటి ఏడాది వద్దంటాను. కొన్ని పాత ఫోన్లలో, సందేశాల యాప్‌లలో ఆ చిరునామా ఎక్స్ఎన్ అంటూ మొదలయ్యే అక్షరాల గుంపుగా కనిపిస్తుంది, చూసినవారు మోసమేమోనని భయపడతారు. ఆ డబ్బును ఫొటోలకు నేపథ్యంగా వేసే మంచి తెల్ల గుడ్డకు వాడండి. వెబ్‌సైటు పైకెక్కిన రోజే రెండు పనులు చేయాలి: గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో (వెతుకులాటలో మీ వెబ్‌సైటు ఎలా కనిపిస్తుందో చూపే గూగుల్ సాధనంలో) నమోదు చేయడం, గూగుల్ మ్యాపుల్లోని మీ దుకాణం ప్రొఫైల్‌లో ఈ చిరునామా చేర్చడం. ప్రొఫైల్ ధ్రువీకరణకు ఇప్పుడు ఎక్కువగా వీడియో అడుగుతున్నారు. వీధి, బోర్డు, లోపలి సరుకు ఒకే వీడియోలో కనిపించేలా తీయండి.

కాలేజీ_క్యాంటీన్
మొదటి పేజీ నమూనా సిద్ధమైంది. శీర్షికకు రామభద్ర వాడాము, వరుసల ఎడం అక్షరశిల్పి గారు చెప్పినట్లే పెంచాము. ఫొటోలు లేకుండా పేజీ మొత్తం బరువు 40 కేబీ ఉంది. పాత చవక ఫోనులో కూడా తెరిచి చూశాము, వెంటనే వస్తున్నది. ఆంగ్ల పేజీకి విషయం ఇంకా అందలేదు, మంగళగిరి_మగ్గం గారు పంపితే అది కూడా ఈ వారంలోనే పూర్తి చేస్తాము.

ఉప్పాడ_అల
పైకెక్కాక లింకు ఇక్కడ పెట్టండి. మా ఊరి జాందానీ నేతగాళ్ల సంఘానికి చూపించాలి, వాళ్లకు కూడా ఎవరో 60,000 చెప్పి వెళ్లారు.